అక్క తుడిచిన చుక్కలు

చేపలు నా మాట వినవు. మనుషులు అంతకన్నా వినరు. ఈ రెండు జాతుల్నీ ఒక్క ఫోటోలో ఇరికించడమే నా ఉద్యోగం.

రోజూ పొద్దున్నే పర్యాటకులు వస్తారు. మా డైవింగ్ దుకాణం వాళ్ళు వాళ్ళ వీపులకు గాలి సిలిండర్లు కట్టి, నోట్లో గొట్టం పెట్టి, పగడాల దిబ్బ మీదకి దింపుతారు. నేను కెమెరాతో ముందే దిగి కాచుకుని ఉంటాను. అందరికీ కావలసింది ఒకటే, మొహం పక్కన పసుపుపచ్చ చేప. నెమలికంఠం రంగు చేప తనంతట తానే వచ్చి భుజం దగ్గర నిలబడినా పనికిరాదు. దుకాణం గోడ మీది బొమ్మలో ఉన్నది పసుపుపచ్చది కాబట్టి అదే కావాలి. ఆ బొమ్మ తీసింది నేనే, నా నెత్తిన నేనే చెయ్యి పెట్టుకున్నాను. నీళ్ళలో బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని కాదురా బాబూ, "నన్ను పైకి తీసుకుపో" అని అర్థం అని ఒడ్డునే నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతాం. అయినా కెమెరా కనిపించగానే బొటనవేలు లేస్తుంది. పక్కనున్న గైడు వాళ్ళని పైకి లాక్కుపోతాడు. నా ఫోటోలో చేప ఒక్కటే మిగులుతుంది.

మధ్యాహ్నానికి ఒడ్డుకి వచ్చి, కెమెరా పెట్టెని మంచినీళ్ళ తొట్లో నానబెట్టి, మూత చుట్టూ ఉండే రబ్బరు వలయాన్ని గుడ్డతో తుడుస్తాను. దాని మీద ఒక్క వెంట్రుక ఉన్నా మర్నాడు నీళ్ళు లోపలికి పోయి కెమెరా గోవిందా. నా తల మీద వెంట్రుకలన్నీ ఈ పని మీదే తెల్లబడ్డాయి. పెళ్ళి మాటలు వచ్చిన రోజుల్లో నేను ఎప్పుడూ నీళ్ళలోనే ఉన్నాను, పైకి తేలేసరికి వయసైపోయింది. అలిసిపోయాను. ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు, మెట్లెక్కేటప్పుడు నా మోకాళ్ళే వీధంతా వినబడేలా చెబుతాయి.

దుకాణం పని కాక ఇంకో పని ఉంది. సముద్ర పరిశోధన కేంద్రం నుంచి ఒకావిడ అప్పగించింది. ఆవిడని అందరం చేపల మేడమ్ అంటాం. ఒడ్డుకి చాలా దూరంలో, లోతులో ఒక పెద్ద దిబ్బ ఉంది. నేను కెమెరా పట్టిన కొత్తలో అక్కడ చేపల్ని తప్పించుకుని పగడాన్ని ఫోటో తీయడం కష్టంగా ఉండేది. కొన్నేళ్ళ కిందట నీళ్ళు వేడెక్కి పగడమంతా తెల్లగా పాలిపోయింది. ఆ తర్వాత దాని మీద ముదురు నాచు పట్టింది. చేపలు తమ దారి తాము చూసుకున్నాయి. ఇప్పుడు రేవు వాళ్ళకి ఓడలదారి లోతు చెయ్యాలని ఉంది, తవ్విన బురద పారబొయ్యడానికి ఈ దిబ్బ మీద కన్ను పడింది. చచ్చిన దిబ్బే కదా అన్నారు. మేడమ్ ఒప్పుకోలేదు. ఈ ఏడాది ఆఖరులోపు అక్కడ పిల్లచేపలు కనిపిస్తే దిబ్బకి ఊపిరి ఉన్నట్టు, కనిపించకపోతే మీ ఇష్టం అని బేరం పెట్టింది. నేను నెలనెలా దిగి, దిబ్బ మీద పాతిన ఇనప మేకుల దగ్గర నిలబడి, అదే చోటుని అదే దూరం నుంచి ఫోటోలు తీయాలి.

ఆ ఫోటోలు మేడమ్‌కి వెళ్ళేముందు అక్క చేతిలోంచి వెళ్ళాలి. నీళ్ళలో తేలే నలుసుల మీద ఫ్లాష్ పడితే తెల్లగా మెరుస్తాయి, ఫోటో అంతా పిండి చల్లినట్టు ఉంటుంది. కేంద్రం వాళ్ళ కంప్యూటరుకి తెల్ల చుక్క కనిపిస్తే చాలు, చచ్చిన పగడం కింద రాసేసుకుంటుందట. అందుకని నలుసులు తుడిచి పంపమన్నారు. తుడవడంలో మా అక్కని మించినవాళ్ళు లేరు. మా బావ ఫోటో స్టూడియోలో అక్క నలభై ఏళ్ళు కూర్చుంది. పెళ్ళికూతుళ్ళ మొటిమలు, పెళ్ళికొడుకుల గాట్లు, ముసలాళ్ళ కళ్ళ కింద సంచులు, అన్నీ మొదట సన్న కుంచెతో, తర్వాత కంప్యూటరుతో మాయం చేసింది. బావ పోయాక స్టూడియో మూసేసి, పిల్లాజెల్లా లేనిది కాబట్టి, నా దగ్గరికి వచ్చేసింది. వంటింటి పక్క గదిలో కిటికీకి దళసరి పరదా కట్టుకుని, ముక్కు తెరకి ఆనించి, నలుసు తర్వాత నలుసు తుడుస్తూ ఉంటుంది. మధ్యమధ్యలో నన్ను తిడుతుంది. "సముద్రాన్ని ఒకసారి ఊడ్చి ఫోటో తియ్యకూడదట్రా?" అంటుంది.

నా చెవి సంగతి కూడా చెప్పాలి. పోయిన ఏడాది ఆ దిబ్బ మీదే కుడిచెవి పొర చిరిగింది. చన్నీళ్ళు లోపలికి పోయి తల గిర్రున తిరిగింది, పైదేదో కిందదేదో తెలియలేదు. తాడు చేతికి దొరకబట్టి బతికాను. పడవెక్కేసరికి ముక్కులోంచి నెత్తురు. డాక్టరు చెవిలో దీపం పెట్టి చూసి, "ఈసారి లోతుకి దిగితే చిరిగేది చెవి కాదు, మీ తలరాత" అన్నాడు. తీరం పక్కన లోతు తక్కువ, అక్కడ ఫర్వాలేదన్నాడు. ఆ దిబ్బ మాత్రం వద్దన్నాడు. నేను సరేనని, చెవి పొర అతుక్కోగానే మళ్ళీ దిగాను. అక్క వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఎందుకు దిగావయ్యా అంటే, ఆ మేకులు పాతింది నేను. నాచు పట్టాక అవి ఎక్కడున్నాయో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ ఒక్క ఏడాదీ గట్టెక్కిస్తే చాలనుకున్నాను. ఇంకో మాట ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. నెలనెలా అక్క తుడిచిచ్చిన ఫోటోల్లో పిల్లచేప ఒక్కటీ లేకపోతే నాకు లోలోపల హాయిగా ఉండేది. దిబ్బ చచ్చిందని వాళ్ళే తేల్చేస్తే ఇక నేను దిగక్కర్లేదు. నా అంతట నేను ఆగానని ఎవరూ అనరు.

ఏడాది ఆఖరు ఫోటోలు తీసుకొచ్చిన రోజున అక్కకి జ్వరం. మంచం మీద దుప్పటి కప్పుకుని మూలుగుతోంది. ఫోటోలు మర్నాటికల్లా మేడమ్‌కి వెళ్ళాలి.

"నేను తుడుస్తాలే" అన్నాను.

"నువ్వు ముట్టుకోకు. పాడు చేస్తావు. జ్వరం తగ్గాక నేను చూస్తాను."

"ఇన్నేళ్ళు పక్కన కూర్చుని చూశాను, ఆ మాత్రం రాదా నాకు?"

"రాదు" అంది అక్క.

నాకు రోషం వచ్చింది. పక్క గదిలోకి వెళ్ళి, పరదా లాగి, కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి ఫోటోలో దిబ్బ అడుగున ఒక తొర్ర. అందులో పువ్వులా వేళ్ళు విప్పుకుని ఉండే సముద్రజీవి ఒకటి ఎలాగో బతికి ఉంది. చుట్టూ చీకటి. ఆ చీకట్లో తెల్ల చుక్కలు. తుడవడం మొదలుపెట్టాను. ఒకటి తుడిచాను, దాని పక్కనే ఇంకొకటి. ఇంకో చోట కూడా అంతే, రెండు. వేళ్ళు ఆగిపోయాయి. తర్వాతి ఫోటో తెరిచాను. మేకు దగ్గర్నుంచి కదలకుండా తీసిన ఫోటో అది. మిగతా నలుసులన్నీ చెల్లాచెదురై ఎటో పోయాయి, ఈ జంటలు మాత్రం ఆ తొర్ర దగ్గరే ఉన్నాయి. కాకపోతే అన్నీ ఒకేసారి ఇటు తిరిగాయి.

చీకటిని కొంచెం కొంచెం వెలిగించుకుంటూ పోయాను. నల్లగా గుండ్రంగా గోరంత ఒళ్ళు బయటపడింది. సన్నటి తోక. కన్ను. నుదుటి మీద ఒక తెల్ల చుక్క, పక్కన ఒక తెల్ల చుక్క. చుక్కచేప పిల్లలు. నల్లగా పుట్టి, తెల్లటి దిష్టిచుక్క పెట్టించుకుని వచ్చే చేపలు. నీళ్ళలో నా చత్వారం కళ్ళకి అవి ఆననే లేదు. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టబోయి వదిలేశాను, తొర్ర నిండా ఉన్నాయి.

నేను తీసిన అసలు ఫోటోలున్న మెమరీ కార్డులన్నీ బిస్కెట్ డబ్బాలో పడేసి ఉంటాయి. చెరపడానికి బద్ధకం. పోయిన నెలది పెట్టి చూశాను, ఉన్నాయి. అంతకు ముందు నెలది చూశాను, ఉన్నాయి. అక్క తుడిచి పంపినవాటిల్లో మాత్రం ఆ చోట నున్నటి చీకటి.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మీద కాదు, అప్పటికి. మా ఇద్దరి తెలివితక్కువ మీద. ముసలాళ్ళం ఇద్దరం కలిసి బతికున్న దిబ్బని తుడిచి పారేశాం అనుకున్నాను. అక్కకి ఎలా చెప్పాలో తోచలేదు. ఈ పని తప్ప ఆవిడకి ఇంకేం ఉంది? మంచం పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేశాను. వేడి తగ్గింది.

"అక్కా, కంగారు పడకు. ఆ తొర్ర దగ్గర చుక్కలున్నాయి చూడు, అవి నలుసులు కావు. చేపపిల్లలు. తప్పు నీది కాదులే, ఎవరికైనా అలాగే కనిపిస్తాయి."

అక్క లేచి కూర్చుంది. జుట్టు ముడి వేసుకుంది.

"ముట్టుకోవద్దన్నాను కదరా" అంది.

ఆ గొంతు వినేసరికి నాకు విషయం అందింది. అయినా నమ్మలేక అడిగాను. "నీకు తెలుసా?"

"నలభై ఏళ్ళు మొహాల మీద మచ్చలు తీసినదాన్ని. ఏది మచ్చో ఏది కన్నో నాకు తెలీదంట్రా? మురికి ఎక్కడైనా జంటలు జంటలుగా వస్తుందా?"

"తెలిసే తుడిచావా?"

"తెలిసే తుడిచాను."

"ఆ దిబ్బంతా బురదేసి పూడ్చేస్తారే! ఒక్కటి కాదు, వందలు, వేలు... నీకేమైనా మతి పోయిందా?"

"పూడ్చనీ." అక్క గొంతు కూడా లేచింది. "పూడ్చుకోనీ! ఆ రోజు ముక్కులోంచి నెత్తురు కారుతూ ఇంటికొచ్చావు. నీళ్ళ కిందుండగా ఈ నెత్తురు ఆకుపచ్చగా కనిపించిందక్కా, భలే ఉంది అని నవ్వుతూ చెప్పావు చూడు, అప్పుడే అనుకున్నాను. వీడు తనంతట తాను ఆగే రకం కాదు. ఆ దిబ్బ చస్తేనే ఆగుతాడు. చావనీ. నాకేం, అది నా తోడబుట్టిందా?"

"అలాగని..."

"నువ్వు పోతే నాకెవడున్నాడురా? ఆ చేపలొచ్చి నాకు అన్నం పెడతాయా? జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేస్తాయా?"

ఆవిడ చేసింది ఘోరం. కానీ తుడిచిన ఫోటోలు చూసి నెలనెలా హాయిగా ఊపిరి పీల్చుకున్నది నేను. ఆవిడ చెయ్యి చేసిన పనే నా మనసూ చేస్తూ వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అరవను?

లేచి వెళ్ళి అసలు ఫోటోలన్నీ, డబ్బాలో ఉన్నవి ఉన్నట్టు మేడమ్‌కి పంపేశాను. అక్క గుమ్మంలో దుప్పటి కప్పుకుని నిలబడి చూసింది. ఆపలేదు.

మర్నాడు మేడమ్ ఫోను. ఆవిడ గొంతులో సంతోషం పట్టడం లేదు. "ఇన్నాళ్ళూ ఇవి ఎక్కడున్నాయండీ?" అంది.

"నలుసులనుకుని తుడిచేశాం మేడమ్. మా పొరపాటు" అన్నాను. అక్క వంటింట్లో గిన్నె చప్పుడు ఆపి వింటోంది.

"బురద సంగతి ప్రస్తుతానికి ఆపించాను. కాకపోతే రేవు వాళ్ళు ఫోటోలు నమ్మం అంటున్నారు. ఇంతవరకూ లేనివి ఆఖర్లో ఎలా పుట్టుకొచ్చాయంటున్నారు. నేనే దిగి చూస్తాను. మావాళ్ళలో ఒక డైవరు నాతో వస్తాడు. మీరు ఆ చోటు చూపించాలి. ఇంకెవరికీ తెలియదు కదా."

నా చెవి సంగతి ఆవిడకి తెలియదు. తెలిస్తే అప్పుడే మాన్పించేది, అందుకే ఎప్పుడూ చెప్పలేదు. "అలాగే మేడమ్" అన్నాను. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే అక్క.

"నేనూ వస్తాను" అంది.

"నీళ్ళలోకా?" బకెట్టు నిండా నీళ్ళుంటేనే కాళ్ళు వణికే మనిషి.

"పడవ మీదకి. కింద నువ్వు ఏం చేస్తున్నావో తెలియకుండా ఇంట్లో కూర్చోవడం ఇక నా వల్ల కాదు."

వద్దన్నా వినే మనిషి కాదని ఊరుకున్నాను. దారి పొడుగునా అక్క పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకుంది. మా సరంగుకి ఆవలింత అని పేరు, చుక్కాని పట్టుకున్నా పక్క మీద పడుకున్నా ఆవలిస్తూనే ఉంటాడు. అలాంటివాడే జాలిపడి, వెనక్కి తిప్పమంటావా అమ్మా అని అడిగాడు. "నీ పని నువ్వు చూసుకో" అంది అక్క. దిబ్బ మీదకి వచ్చి లంగరు వేశాక, నా రబ్బరు చొక్కా వీపు జిప్పు తనే లాగింది. చేతులు చల్లగా ఉన్నాయి. జాగ్రత్త అనలేదు, వద్దు అనలేదు. "వెళ్ళు, ఇక్కడే ఉంటాను" అంది, అంతే.

లంగరు తాడు పట్టుకుని దిగాం. ముందు నేను, వెనక మేడమ్, ఆవిడ పక్కన ఆ డైవరు. లోతుకి పోయేకొద్దీ రంగుల్లో ఎరుపు మొదట పోయింది, మేడమ్ చేతికున్న ఎర్ర దారం నల్లబడింది. తర్వాత పసుపు పోయింది. నీలం మిగిలింది. చెవుల మీద నీటి ఒత్తిడి తగ్గడానికి ముక్కు నొక్కి ఊదాను, ఎడమ చెవి తెరుచుకుంది. కుడిది తెరుచుకోలేదు. కాస్త పైకి వచ్చి మళ్ళీ ఊదాను. సూది పెట్టి పొడిచినట్టు నొప్పి. కింద నాచు పట్టిన దిబ్బ మసకమసకగా కనిపిస్తోంది. తొర్ర ఇంకా కనబడటం లేదు, దాని దారిలో మొదటి మేకు మాత్రం కనిపించింది. దాని పక్కనుంచి నేరుగా వెళితే రెండోది, దాని ఎదురుగా తొర్ర. ఇంత దూరం వచ్చాను, ఇంకో నాలుగు బారలు దిగితే నా కళ్ళతో నేను చూస్తాను. ఎన్ని నెలలు వాటి ఎదురుగా నిలబడి కూడా ఒక్కసారీ చూడలేదు. చూడాలని ఎంత ఉందో చెప్పలేను.

చెవిలో చిటుక్కుమంది. పొర చిరిగిందో లేదో తెలియదు.

అప్పుడు చేపలు కాదు, పైన పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి వంగి చూస్తున్న మనిషి గుర్తొచ్చింది. ఆగడానికి దిబ్బ చావక్కర్లేదు, నా చెవీ పగలక్కర్లేదు. ఆగితే చాలు. ఇంత చిన్న సంగతికి అక్క అంత పాపం మూటగట్టుకోవాల్సి వచ్చింది.

మెడలోంచి కెమెరా తీసి మేడమ్ చేతిలో పెట్టాను. ఆవిడకి అర్థం కాలేదు. చెవి చూపించి తల అడ్డంగా ఊపాను. మేకు చూపించి, నేరుగా అని చెయ్యి చాపి, ఆ తర్వాత రెండు వేళ్ళతో తొర్ర గీసి చూపించాను. ఆవిడ నన్నూ మేకునీ మార్చి మార్చి చూసి, తల ఊపింది. డైవరుతో కలిసి కిందకి వెళ్ళింది. వాళ్ళ బుడగలు నన్ను దాటుకుంటూ పైకి పోతున్నాయి. తాడు వదలకుండా, ఆగి ఆగి, మెల్లగా నేనూ పైకి బయల్దేరాను.

తల బయటపెట్టేసరికి అక్క కేక. ఒక్కడినే, ఇంత తొందరగా రావడం చూసి ఏదో అయిపోయిందనుకుంది. సరంగు చెయ్యిచ్చి లాగాడు. పడవలో కూలబడ్డాను. అక్క నా ముక్కు చూసింది, చెవి చూసింది, నెత్తురు లేదని తేల్చుకున్నాక తువ్వాలుతో వీపు మీద రెండు బాదింది. ఆ తర్వాత అదే తువ్వాలు నా తల చుట్టూ కప్పి, వదలకుండా పట్టుకుంది.

"ఏమైందిరా?"

"ఏం కాలేదు. దిగబుద్ధి కాలేదు. కెమెరా ఆవిడకే ఇచ్చేశాను. ఇక ఫోటోలు ఆవిడే తీసుకుంటుంది, ఎప్పటికీ."

పడవ ఊగుతోంది. అక్క నీళ్ళవైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"మరి... చేపలున్నాయా?"

"ఉన్నాయి."

"చూశావా?"

"లేదు."

"చూడకుండా ఎలా చెబుతావురా ఉన్నాయని?"

"నువ్వు చూశావుగా అక్కా" అన్నాను.